చలికాలం కరెంటు బిల్లు 200 యూనిట్లు దాటకుండా: ఉత్తర తెలంగాణ ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

డిసెంబర్ వచ్చిందంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ రూమ్ హీటర్ కొనమంటవ్?" నా జవాబు కూడా ఏటా ఒకటే. హీటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ గీజర్ రోజుకు ఎంతసేపు నడుస్తోందో చెప్పండి.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఎక్కడైనా సరే, చలికాలంలో పెరిగే బిల్లులో పెద్ద వాటా నీళ్లు కాచుకోవడానికే పోతుంది. గదిని వేడి చేయడం దాని తర్వాతి మాట. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగుతుంది, నిజమే. కానీ అంత చలి ఉండేది కొన్ని వారాలే. స్నానం మాత్రం రోజూ ఉంటుంది, ఇంట్లో ప్రతి మనిషికీ ఉంటుంది. అందుకే ఇక్కడ సగానికి పైగా నీళ్ల గురించే చెప్తాను. గది చలికి డబ్బు కంటే ఒక ఆదివారం ఓపిక ఎక్కువ కావాలి.

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- పోయిన జనవరి బిల్లు, ఈ అక్టోబర్ బిల్లు
- ఒక నోట్‌బుక్, పెన్ను
- నీళ్ల వేడి చూసే థర్మామీటర్ (జ్వరం చూసేది పనికిరాదు)
- నాలుగు అగరబత్తీలు
- పాత లుంగీ లేదా చీర, రెండు కిలోల పొడి ఇసుక
- కిటికీలకు అంటించే ఫోమ్ టేపు
- నిమ్మ ఉప్పు, చిన్న ప్యాకెట్
- కొలత తెలిసిన బకెట్ (మామూలుగా 18, 20 లీటర్లవి ఉంటాయి)

## 1. ముందు మీటరు చదవండి

ఏదీ కొనకండి, ఏదీ మార్చకండి. వారం రోజులు ఊరికే చదవండి.

పొద్దున లేవగానే, ఇంకా ఎవరూ గీజర్ వేయకముందు, మీటరు రీడింగ్ రాసుకోండి. అందరి స్నానాలు అయ్యాక మళ్లీ రాయండి. రెండింటి తేడాలో ఫ్రిజ్, లైట్లు, మిక్సీ కొంత తింటాయి కానీ ముఖ్యమైనది నీళ్ల లెక్కే. మీటరు తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. యూనిట్లు చూపించేది ఏదో గుర్తుపట్టాలి. బిల్లు మీద ఉన్న చివరి రీడింగ్‌కు దగ్గరగా ఉన్న అంకె అదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. ఈ గైడ్ మొత్తానికి ఇదే తాళంచెవి.

లీటర్లు × పెరగాల్సిన డిగ్రీలు ÷ 860 = యూనిట్లు

ఉదాహరణకు ట్యాంకు నీళ్లు 18 డిగ్రీలున్నాయి, మీకు 40 డిగ్రీల నీళ్లు కావాలి. 20 లీటర్ల బకెట్‌కు 20 × 22 = 440. దాన్ని 860తో భాగిస్తే అర యూనిట్ పైచిలుకు. ఐదుగురున్న ఇంట్లో రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు 77. గీజర్ ఏ కంపెనీదైనా, దాని మీద ఎన్ని నక్షత్రాలున్నా ఈ లెక్క కింద ఎవరూ పోలేరు. తగ్గించాలంటే రెండే దారులు: లీటర్లు తగ్గాలి, లేదా పెరగాల్సిన డిగ్రీలు తగ్గాలి.

## 2. మీ ఇంటికి 200 గీత ఎక్కడుందో చూసుకోండి

మన టారిఫ్‌లో యూనిట్ ధర ఒక్కటి కాదు. నెలకు 100 యూనిట్ల లోపు వాడేవాళ్లకు ఒక లెక్క, 200 లోపు వాళ్లకు ఒకటి, 200 దాటితే ఇంకొకటి. 2022 టారిఫ్ ప్రకారం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్‌కు 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచి 200 దాకా 5.10, 200 పైన 300 దాకా వాడినవాటికి 7.70. మీ బిల్లు మీది రేట్లతో ఒకసారి పోల్చుకోండి.

ఒక ఇల్లు తీసుకుందాం. అక్టోబర్‌లో 150 యూనిట్లు కాలింది. చలికాలంలో స్నానాలకు 77 కలిసి 227 అయింది. ఎనర్జీ ఛార్జీలే (వాడిన యూనిట్లకు పడే డబ్బు) 1,228 రూపాయల దాకా వస్తాయి. అదే ఇల్లు 195 దగ్గర ఆగితే 796. తగ్గింది 32 యూనిట్లే, మిగిలింది 430 రూపాయలకు పైగా.

2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి పథకం వచ్చాక ఈ గీత ఇంకా పదునెక్కింది. అర్హత ఉన్న ఇంటికి 200 లోపు జీరో బిల్లు. 201 అయితే పై ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికీ కట్టాలి. "పది నెలలు జీరో బిల్లు, జనవరిలో పన్నెండు వందలు" అని లబోదిబోమనే ఇళ్లన్నీ ఈ గీత మీద జారినవే.

నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాయండి: అక్టోబర్ యూనిట్లు, జనవరి యూనిట్లు, రెండింటి తేడా. ఆ తేడాలో ఎంత తగ్గిస్తే గీత కిందకు వస్తారో తెలిస్తే, కింది పనుల్లో ఏవి చేయాలో మీకే తెలుస్తుంది.

## 3. ఏ నీళ్లు కాస్తున్నారో చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. పైసా ఖర్చు లేనిది కూడా.

చలికాలం పొద్దున బోరు వేస్తే నీళ్లలోంచి సన్నగా పొగలు లేస్తాయి. చేయి పెడితే గోరువెచ్చగా ఉంటాయి. భూమి లోపలి నీటికి చలికాలం, ఎండాకాలం తేడా పెద్దగా తెలియదు. అదే నీళ్లు సాయంత్రం ట్యాంకులోకి ఎక్కించి రాత్రంతా డాబా మీద చలికి వదిలితే తెల్లారేసరికి జివ్వుమంటాయి. మా ఇంట్లో కొలిచాను: పొద్దున ఆరింటికి ట్యాంకు నీళ్లు 18, అప్పుడే వేసిన బోరు నీళ్లు 27 డిగ్రీలు.

పై లెక్కలో పెట్టండి. 27 నుంచి 40కి 13 డిగ్రీలే. బకెట్‌కు 0.51 యూనిట్ బదులు 0.30. ఐదుగురికి నెలకు 30 యూనిట్లకు పైగా మిగులు. సెక్షన్ 2లో చెప్పిన 227 ఇల్లు 195కి దిగింది ఈ ఒక్క మార్పుతోనే.

చేయాల్సిన క్రమం ఇది:

1. సాయంత్రం ట్యాంకు నింపడం మానేయండి. రాత్రికి అవసరమైనంతే ఉంచండి.
2. పొద్దున స్నానాలకు అరగంట ముందు మోటర్ వేయండి. ఎలాగూ వేయాల్సిన మోటరే కాబట్టి అదనపు ఖర్చు లేదు.
3. ట్యాంకులో చల్లటి నీళ్లు సగం ఉండగా బోరు నీళ్లు కలిపితే లాభం సగమైపోతుంది. రాత్రి మిగిలినవి కడుగుడుకు, మొక్కలకు వాడేయండి.
4. బోరు పైపుకు కిందే ఒక నల్లా ఉంటే ఇంకా మంచిది. నేరుగా బకెట్ పట్టి, దానికే కాస్త ఉడుకు నీళ్లు కలుపుకోవచ్చు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే మోటర్ మీ చేతిలో ఉండదు. వాచ్‌మన్‌తో మాట్లాడి టైం మార్పించండి. పది ఇళ్లకు లాభం కాబట్టి ఎవరూ కాదనరు.

బోరు లేని ఇళ్లకు, మిషన్ భగీరథ పథకం నీళ్లో మున్సిపల్ నల్లానో ఆధారమైతే, ఈ కిటుకు నడవదు. అప్పుడు మధ్యాహ్నం ఎండను పట్టండి. నల్లరంగు ట్యాంకులో మూడింటికి నీళ్లు వెచ్చగా ఉంటాయి. పిల్లల, ముసలివాళ్ల స్నానం ఆ టైముకు జరిపితే గీజర్‌తో పనే ఉండదు. మా అవ్వ గంగాళం నిండా నీళ్లు పోసి వాకిట్లో ఎండకు పెట్టి, పైన పళ్లెం మూసేది. అది సోలార్ హీటరే కదా.

## 4. గీజర్‌ను దారిలో పెట్టండి

### 4.1 ఎంతసేపు వేయాలి

15 లీటర్ల, 2000 వాట్ల గీజర్ 18 డిగ్రీల నీటిని 50కి తేవడానికి 17 నిమిషాలు చాలు. 60కి అయితే 22. లేచిన వెంటనే వేసి, టీ తాగి, పేపర్ చదివి, గంట తర్వాత వెళ్లేవాళ్లు ఎందరో. థర్మోస్టాట్ దానంతట అదే ఆపుతుంది, నిజమే, కానీ చల్లారినప్పుడల్లా మళ్లీ వేస్తుంది.

వోల్టేజీ తక్కువ ఉన్న ఊళ్లలో నీళ్లు కాగడానికి అరగంట దాటవచ్చు. దానివల్ల బిల్లు పెరగదు, టైం పడుతుందంతే. ఆ టెన్షన్ వద్దు.

### 4.2 ఆఖరి మనిషి ముందు ఆపండి

అందరూ చేసే తప్పు ఇది. ఆఖరివాళ్లు స్నానం చేస్తుండగా గీజర్ ఆన్‌లోనే ఉంటుంది. వాళ్లు వాడిన కొద్దీ చల్లనీళ్లు లోపలికి వస్తాయి, గీజర్ మళ్లీ కాస్తుంది. వాళ్లు బయటికొచ్చి స్విచ్ ఆపేసరికి లోపల 15 లీటర్ల వేడినీళ్లు ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోతాయి. రేపు పొద్దుటికి వాటి వేడి చాలావరకు పోతుంది. రోజుకు అర యూనిట్ దండగ.

ఆఖరి మనిషి తలుపు వేసుకునే ముందే స్విచ్ ఆపండి. లోపలున్న నీళ్లు ఒక బకెట్ స్నానానికి సరిగ్గా సరిపోతాయి.

స్నానాలు ఒకరి వెంట ఒకరు కావాలి. ఆరింటికి ఒకరు, ఎనిమిదింటికి ఒకరు, పదింటికి ఒకరు అయితే గీజర్ మూడుసార్లు కాచి మూడుసార్లు చల్లారుతుంది.

### 4.3 థర్మోస్టాట్

పిడి ఉంటే 50 దగ్గర పెట్టండి. వారానికి ఒకసారి 60కి పెంచి పూర్తిగా కాగనివ్వండి, నిలవ నీళ్లలో క్రిములు పెరగకుండా ఉంటాయి. పిడి బయటికి కనిపించని మోడల్ అయితే మూత మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

### 4.4 వేడినీళ్లు దొంగచాటుగా పోయే దారులు

రెండేళ్ల కింద మా పక్క బాత్రూం వాష్‌బేసిన్‌లో చల్లనీళ్ల నల్లా తిప్పినా గోరువెచ్చగా వచ్చేవి. భలే ఉందని మురిసిపోయాం. బిల్లు వచ్చాక వెతికితే తెలిసింది: చేతి షవర్‌ను దాని బటన్ దగ్గరే ఆపి, గోడ మీది రెండు పిడులూ తెరిచి వదిలేస్తున్నాం. వేడి, చల్ల లైన్లు మిక్సర్‌లో (రెండు నీళ్లనూ కలిపే గోడ నల్లాలో) కలిసిపోయి గీజర్ నీళ్లు చల్లనీళ్ల పైపులోకి నడుస్తున్నాయి. పిడులు కట్టేయడం అలవాటు చేసుకున్నాక ఆగింది.

మీ ఇంట్లో ఇవి చూడండి:

- గీజర్ వేసి, అన్ని నల్లాలూ కట్టి, అరగంట ఆగండి. లోపలికి నీళ్లు వచ్చే పైపును గీజర్‌కు మూరెడు దూరంలో తాకండి. వేడిగా ఉంటే నీళ్లు వెనక్కి పోతున్నాయి. నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వ్ మార్పించాలి.
- నీలం గుర్తు దగ్గర చల్లనీళ్లు లోపలికి, ఎరుపు గుర్తు దగ్గర వేడినీళ్లు బయటికి. ప్లంబర్ తారుమారు చేస్తే గీజర్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ పావు బకెట్ నిండగానే నీళ్లు చల్లబడతాయి. "గీజర్ చిన్నదైంది, పెద్దది కొనాలి" అనుకునేవాళ్లు ముందు ఈ రంగులు చూడాలి.
- గీజర్ నుంచి నల్లా దాకా పైపు బయటి గోడ మీదుగా పోతుంటే నల్ల ఫోమ్ గొట్టం తొడగండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది.
- నల్లా తిప్పగానే ముందు వచ్చే చల్లనీళ్లను మోరీలోకి వదలకుండా అదే బకెట్‌లో పట్టండి. ఎలాగూ కలుపుకోవాల్సినవే.

### 4.5 సున్నం

మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. నాలుగేళ్లుగా ముట్టని మా గీజర్‌ను విప్పిన ఎలక్ట్రీషియన్ చేతిలో ఎలిమెంట్ కనిపించలేదు, దాని చుట్టూ పేరుకున్న తెల్లటి పెంకు కనిపించింది. టబ్‌లో తట్టితే చెంబెడు సున్నం రాలింది. "అన్నా, ఇది గీజర్ కాదు, సున్నపు బట్టీ" అన్నాడు.

ఒక అపోహ తీసేస్తాను. సున్నం పడితే కరెంటు రెండింతలు కాలుతుందంటారు. అలా ఏమీ ఉండదు, వేడి చివరికి నీళ్లలోకే పోవాలి కదా. అసలు నష్టం వేరు: వేడి త్వరగా బయటికి పోలేక ఎలిమెంట్ మాడుతుంది, పగులుతుంది, షాక్ కొట్టే ప్రమాదం వస్తుంది. ట్యాంకులో చోటు తగ్గి నీళ్లు తక్కువ పడతాయి. రెండేళ్లకోసారి, చలికాలం మొదలయ్యే ముందే, విప్పించి కడిగించండి. లోపల తుప్పు తినకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగి ఉంటే అప్పుడే మార్పించండి.

## 5. బకెట్, షవర్, రాడ్, గ్యాస్: ఏది లాభం

షవర్ కింద పది నిమిషాలు నిలబడితే, నిమిషానికి ఆరు లీటర్ల చొప్పున 60 లీటర్లు. 18 నుంచి 40కి అంటే ఒకటిన్నర యూనిట్. బకెట్‌కు అర యూనిట్. ఇంతకంటే చెప్పడానికేం లేదు. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే అసలు పోరాటం ఇక్కడే, ఆ సలహా నా దగ్గర లేదు.

రాడ్ హీటర్ చవకబారుదని చిన్నచూపు చూస్తారు కానీ ఒక్కరో ఇద్దరో ఉండే ఇంటికి అదే మేలు. ఎంత బకెట్ ఉందో అంతే కాస్తుంది, మిగిలేది ఉండదు, పైపులో పోయేది ఉండదు. కానీ దానితో ఆటలొద్దు:

- ముందు రాడ్ నీళ్లలో గుర్తు దాకా మునగాలి, తర్వాతే స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకాలి, తర్వాతే రాడ్ ముట్టాలి.
- కాగాయో లేదో చూడటానికి నీళ్లలో వేలు పెట్టే అలవాటు చాలామందిని బలితీసుకుంది. ప్లగ్ పీకకుండా నీళ్లను ముట్టకండి.
- ఇనుప బకెట్ వద్దు. ప్లాస్టిక్ బకెట్‌కు రాడ్ తగలకుండా అడ్డంగా కర్ర పెట్టి వేలాడదీయండి.
- 1500 వాట్ల రాడ్‌ను టీవీ పెట్టే చిన్న సాకెట్‌లో పెట్టకండి. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్, పనిచేసే ఎర్తింగ్ ఉండాలి.
- చిన్నపిల్లలున్న ఇంట్లో బాత్రూం తలుపుకు బయటి నుంచి గడియ పెట్టండి.

రాడ్‌కు తెల్లగా పెంకు కడితే వెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి రెండు గంటలు నానబెట్టండి. ప్లగ్ గోడకు దూరంగా ఉండాలి సుమా. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఊడుతుంది. కత్తితో గీకితే రాడ్ పాడవుతుంది.

గ్యాస్ మీద కాచుకోవడం చవకా? లెక్క ఇలా వేయండి. 14.2 కిలోల సిలిండర్‌తో మామూలు పొయ్యి మీద నీళ్లకు చేరే వేడి సుమారు 115 యూనిట్ల కరెంటుతో సమానం. మీరు సిలిండర్‌కు కట్టే ధరను 115తో భాగించండి. వచ్చిన అంకె మీరు కట్టే యూనిట్ ధర కంటే తక్కువైతే గ్యాస్ లాభం. రాయితీ సిలిండర్ వచ్చే, 200 గీత దగ్గర ఊగిసలాడే ఇంటికి ఒకటి రెండు బకెట్లు పొయ్యి మీదికి మార్చడం మంచి ఎత్తే. మూత పెట్టి కాయండి, వెడల్పాటి బగోనె వాడండి.

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకు ఒకే మాట: దాన్ని బాత్రూం లోపల పెట్టకండి. తలుపులేసిన చిన్న గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి పడిపోయేదాకా తెలియదు. బయటి గోడకు బిగించి పైపుతో నీళ్లు లోపలికి తెచ్చుకోండి.

## 6. చలిగాలి దూరే సందులు వెతకండి

రాత్రి తొమ్మిది దాటాక, ఫ్యాన్లు ఆపి, కిటికీలు తలుపులు వేసి, అగరబత్తి వెలిగించండి. దాన్ని తలుపు చట్రం వెంట, కిటికీ రెక్కల కలయిక దగ్గర, కింది సందు దగ్గర మెల్లగా నడిపించండి. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకు వంగితే అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టండి. కర్టెన్‌లకు దూరంగా పట్టుకోండి.

మా ఇంట్లో పొగ ఎక్కడా కొంచెం వంగలేదు, హాల్లో ఒకచోట మాత్రం అడ్డంగా పరుగెత్తింది. అది కూలర్ కిటికీ. ఎండాకాలం అయిపోయినా కూలర్ అక్కడే ఉంది. దాని గడ్డి పరదాల గుండా చలిగాలి నేరుగా హాల్లోకి. ఇది ఉత్తర తెలంగాణలో ఇంటింటి కథ. కూలర్ తీసి కడిగి లోపల పెట్టండి, కిటికీ రెక్క వేయండి. తీయడం కుదరకపోతే లోపలి వైపు మూతిని అట్టముక్క, పాత దుప్పటితో కప్పి తాడుతో బిగించండి.

మిగతావాటికి:

- తలుపు కింద సందు: పాత లుంగీని గొట్టంలా కుట్టి ఇసుక నింపండి, రెండు కొసలూ ముడి వేయండి. తలుపు వెడల్పు కంటే బెత్తెడు పొడుగు ఉండాలి. ఇసుక నిండా కుక్కితే వంగదు, మూడొంతులు చాలు.
- కిటికీ రెక్కలు: దుమ్ము తుడిచి, ఆరాక, ఫోమ్ టేపు అంటించండి. తడి మీద అంటిస్తే వారంలో ఊడుతుంది.
- దోమల జాలీ గాలిని ఆపదు. లోపలి రెక్క కూడా వేయాలి.
- ఏసీ పైపు పోయే కన్నం: పుట్టీ పెట్టండి.
- వెంటిలేటర్లు: పడకగదిలో ఒకటి మూసి ఒకటి తెరిచి ఉంచండి. అన్నీ మూస్తే తెల్లారేసరికి గదంతా ఉక్కగా, గోడలు చెమ్మగా ఉంటాయి.
- వంటింటి వెంటిలేటర్ మూయనే మూయకండి.

రేకుల ఇళ్లకు గోడకూ రేకుకూ మధ్య ఉండే ఎడమే పెద్ద సమస్య. సిమెంటుతో శాశ్వతంగా మూస్తే మే నెలలో మీరే తిట్టుకుంటారు. గోనెసంచులు చుట్టలు చుట్టి ఆ ఎడంలో దోపండి, ఫిబ్రవరి దాటాక తీసేయండి. తెల్లవారుజామున రేకు నుంచి నీటి చుక్కలు రాలుతుంటే కింద జానెడు ఎడంతో వెదురు తడక కట్టండి. థర్మాకోల్ చవక కానీ నిప్పంటుకుంటే క్షణాల్లో మండుతుంది, పొయ్యి ఉన్న గదిలో వద్దు.

## 7. ఎండను లోపలికి రానివ్వండి

డిసెంబర్‌లో మన వరంగల్‌లో సూర్యుడు మధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు. దక్షిణం వైపు ఆకాశంలో సగం ఎత్తు దగ్గరే ఉంటాడు. అందువల్ల దక్షిణం కిటికీలోంచి ఎండ గది మధ్యదాకా వస్తుంది. వాస్తు పేరుతో దక్షిణం కిటికీలు కట్టనివాళ్లు, కట్టినా ఎప్పుడూ మూసి ఉంచేవాళ్లు ఈ ఉచిత హీటర్‌ను వదులుకుంటున్నారు. పది నుంచి నాలుగు దాకా పరదాలు తీసి ఉంచండి. ఐదింటికల్లా కిటికీ రెక్కలు, పరదాలు రెండూ వేసేయండి. ఆలస్యం చేస్తే పగలంతా పట్టిన వెచ్చదనం అరగంటలో పోతుంది.

చెద్దర్లు, బొంతలు డాబా మీద ఎండేసి, మూడున్నరకు, ఇంకా వేడిగా ఉండగానే మడిచి మంచం మీద పెట్టండి.

పై అంతస్తు వాళ్లకు స్లాబు వల్ల చలి ఎక్కువ. మబ్బు లేని రాత్రి స్లాబు తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. కూల్ రూఫ్ తెల్ల రంగు వేయించుకున్నవాళ్లకు చలికాలంలో కాస్త ఎక్కువ చలి అనిపించవచ్చు, అయినా దాన్ని గీకేయకండి. మన దగ్గర ఎండాకాలం ఖర్చు చలికాలం కంటే ఎన్నో రెట్లు. చలి కోసమే ఫాల్స్ సీలింగ్ వేయించడం నా దృష్టిలో దండగ. లీకేజీకి స్లాబు పని ఎలాగూ చేయిస్తుంటే అప్పుడు కింద ఇన్సులేషన్ షీట్ వేయించండి, అది రెండు కాలాలకూ పనికొస్తుంది.

## 8. గదిని కాదు, మంచాన్ని వెచ్చగా ఉంచండి

2000 వాట్ల ఫ్యాన్ హీటర్ రోజుకు మూడు గంటలు వేస్తే నెలకు 180 యూనిట్లు. దాంతోనే 200 గీత దాదాపు వచ్చేస్తుంది. 800 వాట్ల హాలోజెన్ అయితే 72. "ఆయిల్ హీటర్ తక్కువ కాలుతుంది" అన్న షాపువాళ్ల మాట నమ్మకండి. ఒక యూనిట్‌కు వచ్చే వేడి అన్ని ఎలక్ట్రిక్ హీటర్లలోనూ ఒకటే. ఆయిల్‌ది ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది, గాలిని ఎండగట్టినట్టు అనిపించదు, అంతవరకే.

హీటర్ కంటే ముందు ఈ క్రమంలో చేయండి:

1. మంచం బయటి గోడ నుంచి జానెడు జరపండి. కిటికీ కింద తలగడ వద్దు.
2. పైన కప్పుకునేదానికంటే కింద పరుచుకునేది ముఖ్యం. నులక, నవారు మంచానికి కింది నుంచి చలి కొడుతుంది. పరుపు కింద గొంగడి లేదా మందపాటి బొంత పరవండి. పైన ఇంకో రగ్గు వేసినదానికంటే ఇది బాగా పనిచేస్తుంది.
3. బండల నేల మీద నడిచేచోట, మంచం పక్కన, జంపఖానా వేయండి. మన కొత్తవాడలో నేసే వరంగల్ జంపఖానాలు దీనికి సరిగ్గా సరిపోతాయి.
4. పడుకునే పావుగంట ముందు వేడినీళ్ల రబ్బరు సంచిని గుడ్డలో చుట్టి పక్కలో, కాళ్ల దగ్గర పెట్టండి. పసిపిల్లల పక్కలో మాత్రం పెట్టకండి.

ఇన్ని చేశాక కూడా బాలింత గదికో, ఆయాసం ఉన్న పెద్దవాళ్లకో హీటర్ కావాలంటే వాడండి, తప్పులేదు. చిన్న గది ఎంచుకోండి, సెక్షన్ 6 సందులు మూసి, పడుకునే ముందు అరగంట వేసి ఆపండి. ఒక వెంటిలేటర్ తెరిచి ఉండాలి. హీటర్ మీద బట్టలు ఆరేయకండి.

ఎండాకాలం కోసం ఎలాగూ కొత్త ఏసీ కొనబోతుంటే హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ మోడల్ ధర అడిగి చూడండి. బయటి గాలిలోని వేడినే లోపలికి తోడుతుంది కాబట్టి అంతే వెచ్చదనానికి హీటర్ కాల్చే కరెంటులో మూడోవంతుతో సరిపెడుతుంది. చలి కోసమే కొనడం మాత్రం దండగ.

కుంపటి గురించి గట్టిగా చెప్పాలి. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మంట ఆరి బూడిద పట్టిన బొగ్గు కూడా విషవాయువు వదులుతుంది. చలిమంట వాకిట్లోనే.

## 9. సోలార్ వాటర్ హీటర్ ఎవరికి

సొంత ఇల్లు, నలుగురికి పైగా మనుషులు, మధ్యాహ్నం నీడ పడని డాబా, ఈ మూడూ ఉంటే ఆలోచించండి. నలుగురికి 100 లీటర్లది చాలు. ముఖం దక్షిణానికి ఉండాలి. సున్నం ఎక్కువున్న నీళ్లకు రాగి పైపుల రకం కంటే గాజు గొట్టాల రకం నయం. కానీ కోతుల బెడద ఉన్న వీధిలో గాజు గొట్టాలు పెడితే పైన ఇనుప జాలీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. వేడినీళ్ల పైపు డాబా నుంచి బాత్రూం దాకా ఎంత పొడుగుంటే అంత నష్టం, అందుకే ట్యాంకును బాత్రూంకు నేరుగా పైన పెట్టించండి. అద్దె ఇంట్లో వాళ్లు ఈ సెక్షన్ వదిలేయొచ్చు.

## 10. పని క్రమం, ఒక ఆదివారంతో మొదలు

మొదటి వారం:
- రోజూ రెండు రీడింగ్‌లు
- బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు థర్మామీటర్‌తో కొలవడం
- ఒక రాత్రి అగరబత్తి పరీక్ష

ఆదివారం:
- పొద్దున: గీజర్ పైపులు, రంగులు, వెనక్కి పోయే వేడి పరీక్ష, రాడ్ నిమ్మ ఉప్పులో
- మధ్యాహ్నం: కూలర్ తీయడం, చెద్దర్లు ఎండకు
- సాయంత్రం: ఇసుక గొట్టాలు కుట్టడం, ఫోమ్ టేపు
- రాత్రి: అగరబత్తి పరీక్ష, మళ్లీ ఒకసారి

రెండో వారం:
- మోటర్ టైం పొద్దుటికి మార్చడం
- స్నానాలు వరుసగా, ఆఖరి మనిషి ముందు స్విచ్ ఆపడం
- రోజూ రెండు రీడింగ్‌లు

రెండు వారాల అంకెలు పక్కపక్కన రాయండి. తేడా రాకపోతే మొదట అనుమానించాల్సింది మిక్సర్ పిడులను, తర్వాత గీజర్ వాల్వ్‌ను, ఆ తర్వాత షవర్‌ను. ఈ మూడూ సరిగ్గా ఉండి కూడా అంకె కదలకపోతే రాత్రి మెయిన్ తప్ప అన్ని స్విచ్‌లూ ఆపి మీటరు చూడండి. అప్పుడూ మీటరు మీది చిన్న లైటు మినుకుమంటుంటే ఎక్కడో లీకేజీ ఉంది, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.